గిటారు గుయ్యిమంటే పికప్ మార్చాలా?



అవనిగడ్డ దగ్గరి ఒక సంఘపు యౌవనస్థులు ఇటీవల మమ్మల్ని ఒక మాట అడిగారు. వారి ఎలక్ట్రిక్ గిటారు ఆరాధన మొదలు ముగింపు వరకు గుయ్యిమంటూనే ఉన్నదట. ప్రార్థనలో కూడా ఆగదట. ఆ తేనెపట్టును బయట పెట్టమని పెద్దలు గట్టిగానే చెప్పారు. పిల్లలేమో కోతలకు వెళ్ళి కూడబెట్టిన కూలి డబ్బుతో కొత్త పికప్‌లు వేయిస్తామంటున్నారు. ఏవి కొనాలి?

కూలి డబ్బు గనుక తొందరపడవద్దని ముందే చెబుతున్నాము. ఈ తొందరలో మేమూ నష్టపోయాము. శక్తి ఎక్కువని ఎవరో చెప్పగా సిరామిక్ అయస్కాంతపు పికప్ తెప్పించి వేయించాము. గోల తగ్గలేదు సరికదా, పాడేవారి గొంతులే వినబడకుండా పోయాయి. చివరకు విప్పి చూస్తే బ్రిడ్జికి వెళ్ళే ఎర్త్ తీగ ఊడి ఉన్నది! ఒక్క చుక్క సోల్డరింగుతో పోయే పని.

కనుక మొదట ఇది చూడండి. కేబుల్ దూర్చే జాక్ లోహాన్ని ముట్టుకుంటే గోల తగ్గి, తీగలను ముట్టుకుంటే తగ్గకపోతే ఆ ఎర్త్ తీగ ఊడినట్లే. కేబుల్ మార్చి చూడండి. ట్యూబులైటుకు, ఆంప్లిఫయరుకు దూరంగా జరిగి చూడండి.

గోల పోతుందని ఆంప్లిఫయరు ప్లగ్గు మూడవ పిన్ను మాత్రం ఎన్నడూ తీయకండి. గిటారు తీగలు ఆంప్లిఫయరు లోహపు పెట్టెతో కలిసి ఉంటాయి. ఎర్తింగ్ సరిగా లేనిచోట చేయి తీగల మీద, పెదవి మైకు మీద ఉంటే కరెంటు మనిషిగుండా పోగలదు. 1972లో బ్రిటనులోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్త్ లేని మైకు ముట్టుకొని వేదిక మీదనే మరణించాడు. మందిరపు ఎర్తింగును ఎలక్ట్రీషియనుతో పరీక్ష చేయించడం పికప్ కన్నా ముందు పని.

ఇవన్నీ సరిగా ఉండి కూడా గుయ్యిమంటుంటే అప్పుడు పికప్ సంగతి. పికప్ అంటే అయస్కాంతము, దాని చుట్టూ వెంట్రుక కంటె సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. (నైలాన్ తీగల గిటారుకు ఇది పనికిరాదు.) ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ మన 50 సైకిళ్ళ కరెంటు రొదను కూడా పట్టుకుంటుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను, రెండు అయస్కాంత దిశలను ఎదురెదురుగా పెట్టాడు. రొద రొదను కొట్టివేస్తుంది, తీగల నాదము మాత్రం కలుస్తుంది. అదే హంబకర్.

మీ గిటారుకు మూడు సన్నని పికప్‌లు ఉన్నవన్నారు. కొయ్య చెక్కించకుండా ఆ సందులోనే పట్టే సన్న హంబకర్లు దొరుకుతాయి. మూడూ మార్చనక్కరలేదు, ఎక్కువగా వాడేది ఒక్కటి మార్చండి. హార్మోనియం, డోలక్ నడుమ వాయించేవారికి అతి శక్తిగలది వద్దు. ఆల్నికో అయస్కాంతముతో మధ్యరకమైనది మా ఓటు. ఓముల లెక్క ఒక్కటే చూసి ఎక్కువ తక్కువలు తేల్చకండి, తీగ మందము మారితే ఆ లెక్కా మారుతుంది. వాల్యూమ్ కంట్రోలు సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓములు, హంబకరుకు 500 వాడుక. పాత 250 ఉంచినా పలుకుతుంది, స్వరము కొంచెం మెత్తబడుతుంది, అంతే.

చివరి మెట్టు మీద తీగ నొక్కి పట్టి, పికప్‌కు తీగకు నడుమ రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచండి. మరీ దగ్గరైతే అయస్కాంతము తీగను లాగి శ్రుతి చెడుతుంది. దివిసీమ ఉప్పుగాలికి ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది గనుక వాయించిన ప్రతిసారి పొడిగుడ్డతో తుడవండి. తీసిన పాత పికప్‌ను పారవేయక గుడ్డలో చుట్టి దాచండి. కొత్తది నచ్చకపోతే మళ్ళీ అదే వేసుకోవచ్చును.