మొక్కకు నేలే కుంపటి

"మంచు కాల్చేసింది బాబూ" అన్నాడు లంబసింగి దగ్గర ఒక పెద్దాయన, కిందటి వర్షాకాలంలో నాటిన బత్తాయి అంటును చూపిస్తూ. పుష్యమాసం, పొద్దు అప్పుడే పైకొచ్చింది. ఆకులు నీళ్లలో నానినట్టు నల్లబడ్డాయి. వేలితో తాకితే ఉడికిన తోటకూరలా మెత్తగా ఉన్నాయి. పదడుగుల అవతల, వాలు మీద ఉన్న మొక్కకు మాత్రం ఏమీ కాలేదు.

ఆయన ఊరుకున్న మనిషి కాడు. పాదు నిండా వరిగడ్డి మందంగా పరిచాడు. తలకు గోనెసంచి తొడిగి, కాండం దగ్గర తాడుతో బిగించాడు. పసిబిడ్డకు టోపీ పెట్టినంత ప్రేమగా చేశాడు. కానీ ఆ రెండు పనులూ మొక్కకు చేటే చేశాయి. అదెలాగో నాకు తెలిసింది అమెరికాలోని ఫ్లోరిడా నారింజ రైతుల అనుభవం చదివాకే.

విశాఖలో పెరిగిన మాకు చలంటే స్వెట్టరుతో సరి. పక్కనే సముద్రం ఉంది. పగలు తాగిన వేడిని రాత్రంతా మెల్లగా వదులుతూ ఊరిని కాస్తుంది. నర్సీపట్నం దాటి ఘాటెక్కితే ఆ కాపలా ఉండదు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. దాని పాతపేరు కొర్రబయలు. ఆరుబయట ఉంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. మబ్బు, గాలి లేని రాత్రి నేల వేడంతా ఆకాశానికి ఎగిరిపోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి పారి, లోయ అడుగున మడుగు కడుతుంది. థర్మామీటరు రెండు డిగ్రీలు చూపిస్తున్నా ఆకు అంతకంటే చల్లబడి, దాని మీద తెల్లటి మంచు పేరుతుంది. పెద్దాయన మొక్క ఉన్నది ఆ మడుగులోనే.

ఫ్లోరిడా ఈ పాఠాన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1894 డిసెంబరు చివర ఒక గడ్డకట్టే చలి వచ్చి కాయను, ఆకును రాల్చేసింది. చెట్లు మాత్రం చాలావరకు బతికాయి. జనవరి వెచ్చగా గడిచేసరికి చిగుళ్లు వేశాయి, కాండంలో రసం కదిలింది. 1895 ఫిబ్రవరి మొదట్లో రెండో దెబ్బ పడింది. రసం నిండిన బెరడు పగిలిపోయి, తోటలకు తోటలు నేలమట్టమయ్యాయి. చలికాలం ముందు యూరియా వేసి చిగురు పుట్టించవద్దని నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది అందుకే.

ఫ్లోరిడా తోటలో లేతమొక్క చుట్టూ చూస్తే ముందు కనిపించేది గడ్డీగాదం లేని ఉత్త నేల. నేల బోసిగా, గట్టిగా, తడిగా ఉండాలి. అప్పుడే పగటి ఎండను మింగి రాత్రికి వదులుతుంది. వేసవిలో మేలు చేసే గడ్డి పరుపు చలిరాత్రి ఆ వేడికి అడ్డం పడుతుంది. గోనెసంచిదీ అదే తప్పు. మొక్కకు సొంత వేడి ఎంతో లేదు, వచ్చేదంతా కిందనుంచే. కప్పు నేల దాకా దిగాలి, అంచుల మీద రాళ్లు పెట్టాలి, పొద్దెక్కగానే తీసేయాలి.

ఇంకో పద్ధతి ఉంది, మన రైతు వింటే ఉలిక్కిపడతాడు. చలికాలం ముందు కాండం చుట్టూ, అంటు కట్టు మునిగేలా, శుభ్రమైన మట్టి ఎగదోస్తారు. అంటు మీదికి మట్టి రానీయొద్దు, మొదలు కుళ్లుతుందని మనకు నేర్పారు. అది నిజమే. అందుకే అక్కడా చలి వెళ్లగానే ఆ మట్టి తీసేస్తారు. మనకైతే కార్తీకంలో తుపాను వానలున్నాయి. వానలు వెనకపట్టాకే ఎగదోసి, శివరాత్రికల్లా తీసేస్తే చలీ తగలదు, మొదలూ కుళ్లదని నా నమ్మకం. ఈ శ్రమ ఎందుకంటే, మన బత్తాయిని తరచుగా రంగపూర్ నిమ్మ మీద కన్నంటు కడతారు. కట్టు పైభాగం చస్తే కిందనుంచి లేచేది నిమ్మ.

నీళ్లతో కాచే విద్య కూడా ఉంది. 1980ల్లో వరసగా పడిన చలిదెబ్బలకు అక్కడ చిన్న స్ప్రింక్లర్లు పెట్టి లేతమొక్కల కాండాలను నిలబెట్టుకున్నారు. విశాఖ ఉక్కునగరం వాళ్లకు ఇది చప్పున అందుతుంది. కాస్టింగులో ద్రవఉక్కు గట్టిపడుతూ వేడి కక్కుతుంది కదా, నీళ్లూ అంతే. గ్రాము నీరు మంచుగడ్డ అయ్యేటప్పుడు 80 కేలరీలు వదులుతుంది. కానీ ధార ఆగకూడదు. మధ్యలో ఆగితే తడి ఆవిరవుతూ ఉన్న వేడినీ లాగేసి, అసలు తడపని మొక్క కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. 1989 క్రిస్మస్ చలికి ఫ్లోరిడాలోనే కరెంటు కోతలు పెట్టారు. మన ఏజెన్సీలో రాత్రి కరెంటును నమ్ముకుని ఈ పనికి దిగమని నేను చెప్పను. పార, మట్టి చాలు.

పెద్దాయన ఆరోజే మాడిన కొమ్మలు కోసేస్తానన్నాడు. వద్దన్నాను. ఏది చచ్చిందో ఏది బతికిందో చిగురు చెప్పేదాకా కత్తెర పట్టకూడదు. ఫాల్గుణంలో మళ్లీ వెళ్లాను. చిగురు వచ్చింది, కట్టుకు రెండు వేళ్ల కింద. ఆకు నలిపి వాసన చూసి, "నిమ్మే బాబూ" అన్నాడు. తర్వాత ఇద్దరం వాలు మీదికి నడిచి, బతికిన మొక్క పక్కన కొత్త అంటుకు గుంత గుర్తు పెట్టుకున్నాం.