నరాల వ్యాధుల బాలలకు ఊరి చెంతనే నిరంతర చికిత్స అవసరం

ఉప్పాడ (కాకినాడ జిల్లా): మూర్ఛ, మస్తిష్క పక్షవాతం, పుట్టుకతో వచ్చే వెన్నుపాము లోపాలు గల బాలలకు చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మెదడు వేగంగా ఎదిగేది తొలి సంవత్సరాలలోనే.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలల్లో 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, అవసరమైన వారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. ఉప్పాడ వాసులకు సమీపంలోని పెద్దాసుపత్రి, రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి.

అయితే వ్యాధి నిర్ధారణతో పని పూర్తి కాదు. సక్రమంగా చికిత్స అందితే మూర్ఛ బాధితుల్లో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. ఇందుకు మందులు ఒక్కరోజూ మానరాదు. మస్తిష్క పక్షవాతానికి ఫిజియోథెరపీ ఏళ్ల తరబడి అవసరం. సముద్రంపై వేటకు వెళ్లే మత్స్యకారునికి, జాందానీ మగ్గంపై జీవించే నేతకారునికి ఆసుపత్రి ప్రయాణమంటే ఒకరోజు సంపాదన పోయినట్లే. కడలి కోతకు బీచ్ రోడ్డు దెబ్బతిన్నప్పుడు ఆ ప్రయాణం మరింత కష్టం. చికిత్స మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

కావున వ్యాధి నిర్ధారణ, శస్త్రచికిత్స నిపుణుల వద్ద జరిగినా, నెలనెలా మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, వ్యాయామ చికిత్స మండల స్థాయి భవిత కేంద్రంలో క్రమం తప్పక లభించాలి. అప్పుడే ప్రత్యేక వైద్యం ఫలం తీరగ్రామాల బాలలకు పూర్తిగా దక్కుతుంది.