ఆవ రాజసమా?

సాత్త్వికాహారము పేరిట కొందరు నైవేద్యపు పులిహోరలో ఆవను వలదనుచున్నారు. కటువు కనుక రాజసమట. గీత 17వ అధ్యాయము 9వ శ్లోకము వారికి ప్రమాణము. అయితే అందలి ‘అతి’ శబ్దమును కటు, ఆమ్లాది పదములన్నింటితోను అన్వయించుకొనవలెనని శంకర భగవత్పాదులు భాష్యమున స్పష్టపరచినారు. కావున దోషము కటుత్వమున లేదు, మితిమీరుటలో ఉన్నది. కటువే దోషమైనచో మిరియమును వెలివేయవలసినదే. మరి కట్టుపొంగలి గతి ఏమి?

చరకుడు సర్షపశాకమును శాకములలో అత్యంత అహితముగా లెక్కించినమాట నిజము. అది ఆకు మాట. గింజ ఉష్ణవీర్యము, కఫవాతహరము, పిత్తవర్ధకము. పిత్తప్రకృతి గలవారు తగ్గించుకొనుట యుక్తమే, అది వైద్యవిషయము.

మర్మము వంటవారికి తెలియును. నూరని గింజకు ఘాటు లేదు. నీటితో నూరినప్పుడు గింజలో వేర్వేరుగా నున్న రెండు ద్రవ్యములు కలిసి ఘాటును పుట్టించును. కాగిన నూనెలో చిటపటలాడినచో వానిలో ఒకటి వేడికి నశించును, కమ్మదనమే మిగులును. తిరగమోత గింజను, పచ్చి ఆవముద్దను ఒకే గాటన కట్టుట తగదు.

పోషకవిలువల పట్టిక చూపి ఆవను ఆకాశమునకెత్తువారును ఉన్నారు. వంద గ్రాములలో సుమారు 26 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి, నిజమే. పోపులో పడునది అరచెంచాడు!

ఉపవాసదినమున ఇంటి ఆచారము ననుసరించి ఆవను విడుచువారి మాట వేరు. అది వ్రతనియమము, దానికి గీత సాక్ష్యము అక్కరలేదు.