బడి గేటు ముందు తంబాకు దుకాణం వద్దు!
వంద గజాల చట్టాన్ని వరంగల్‌లో మనమే అమలు చేయించుకుందాం

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రజలారా! తల్లిదండ్రులారా! విద్యార్థి మిత్రులారా!

నయీంనగర్ కానీ, సుబేదారి కానీ, కాజీపేట కానీ, బడో కాలేజో వదిలే వేళకు గేటు బయట ఐదు నిమిషాలు నిలబడి చూడండి. చాలాచోట్ల పాన్ డబ్బా కనిపిస్తుంది. చాక్లెట్ సీసాల పక్కనే సిగరెట్ పెట్టెలు. పైనుంచి వరుసలుగా వేలాడే పాన్ మసాలా, జర్దా పొట్లాలు. తాడుకు కట్టిన లైటర్, సరిగ్గా తొమ్మిదో తరగతి పోరడి చెయ్యందే ఎత్తులో. పెట్టె కొనే పైసలు వాడి దగ్గర ఉండవు కాబట్టి ఒక్కటే తీసి ఇస్తారు. పెట్టె మీద 85 శాతం మేర పుండు బొమ్మ ఉంటుంది. విడిగా ఇచ్చే సిగరెట్టు మీద ఏ బొమ్మా ఉండదు. హెచ్చరిక దుకాణంలోనే ఉండిపోతుంది, విషం మాత్రం పిల్లవాడి చేతిలోకి పోతుంది.

బడి ముందు ఇట్లా అమ్మడం నేరం. 2003లో వచ్చిన కేంద్ర పొగాకు నియంత్రణ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు. 18 ఏళ్లు నిండని వారికి ఎక్కడా అమ్మకూడదు. 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇన్ని చట్టాలుండి కూడా పొట్లం పిల్లల చేతికి ఎట్లా చేరుతోంది?

పాన్ డబ్బా నడుపుకొనే అన్న ఒక్కడి మీద కోప్పడితే జవాబు దొరకదు. అసలు కథ పైన నడిచింది.

దుకాణాల దగ్గర పొగాకు ప్రకటనలను కట్టడి చేసే నిబంధనలు వచ్చాక వ్యాపారులు బొంబాయి హైకోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నారు. దాన్ని సుప్రీంకోర్టు ఎత్తేసింది 2013 జూలైలో. అంటే ఏళ్ల తరబడి ఆ నిబంధనలు కాగితం మీదే పడి ఉన్నాయి. పెట్టె మీద 85 శాతం బొమ్మ ఉండాలని 2014 అక్టోబరులో ప్రభుత్వం ప్రకటించింది. 2015 ఏప్రిల్ నుంచి అమలు కావాల్సింది. సరిగ్గా ఆ సమయానికి ఒక పార్లమెంటరీ కమిటీ అడ్డుపడింది. పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని చెప్పే సర్వేలు మన దేశంలో జరగలేదని కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ అన్నారు. సభ్యుల్లో ఒకరైన అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా స్వయంగా బీడీ వ్యాపారి. అమలు ఏడాది వెనక్కి పోయింది. 2016 ఏప్రిల్‌లో అమలు మొదలవగానే ఐటీసీ, గాడ్‌ఫ్రే ఫిలిప్స్, మన హైదరాబాద్ వీఎస్‌టీ కంపెనీలు ఉత్పత్తి ఆపేసి ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చాయి. విడి సిగరెట్ల అమ్మకం ఆపాలని, కొనే వయసు 21కి పెంచాలని కేంద్ర ఆరోగ్య శాఖ ముసాయిదా సవరణ తయారుచేసి 2021 జనవరిలో ప్రజాభిప్రాయం అడిగింది. వ్యాపార సంఘాలు గొల్లుమన్నాయి. ఆ సవరణ చట్టం కాలేదు.

ఇంకో మాట కూడా తెలుసుకోండి. దేశంలో అతి పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో ప్రభుత్వరంగ ఎల్‌ఐసీకి దాదాపు 15 శాతం వాటా ఉంది. మన ప్రాణానికి బీమా కోసం మనం కట్టే ప్రీమియం సిగరెట్ల లాభంలో పాలు పంచుకుంటోంది. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని భారతదేశం 2004లో ఆమోదించింది. ప్రజారోగ్య విధానాల్లో పొగాకు కంపెనీల జోక్యం ఉండకూడదని ఆ ఒప్పందంలోని 5.3 అధికరణం చెబుతోంది. ఒక చేత్తో ఆ సంతకం, ఇంకో చేత్తో ఈ వాటా!

కంపెనీల పట్టు చట్టాల దగ్గర ఆగలేదు, మన ఇండ్లలోకీ వచ్చింది. హైదరాబాద్‌కు గుండెకాయ లాంటి చార్మినార్ పేరు సిగరెట్ పెట్టె మీదికి ఎక్కింది. పిల్లల బ్యాగులోని క్లాస్‌మేట్ నోటుబుక్కు సిగరెట్ కంపెనీదే. ఇలాచీ పేరుతో సినిమా హీరోలు టీవీలో చూపించేది ఏ పాన్ మసాలా బ్రాండో పిల్లలకు తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే గుట్కాను నిషేధిస్తే పాన్ మసాలా ఒక పొట్లం, తంబాకు ఇంకో పొట్లం చేసి అమ్మారు. రెండూ కలిపి నోట్లో వేసుకుంటే అదే గుట్కా!

ఫలితం ఎక్కడ తేలుతుందో మనందరికీ తెలుసు. అంబర్ తంబాకు, గుట్కా నమిలేవారికి మొదట పచ్చిపులుసు తగిలినా నోరు భగ్గుమంటుంది. తర్వాత బుగ్గ లోపలి పొర తెల్లబడి, గట్టిపడి, నోరు తెరుచుకోదు. ఇప్పుడే పరీక్షించుకోండి: మూడు వేళ్లు కలిపి నిలువుగా నోట్లో పెట్టండి. పట్టకపోతే రేపే ఎంజీఎం ఆసుపత్రికి పోయి డాక్టరుకు చూపించుకోండి. ఆలస్యం చేస్తే అది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది.

పొగాకు పన్నుతోనే సర్కారు నడుస్తుందనే మాట నమ్మకండి. 2017-18లో పొగాకు రోగాల వల్ల దేశానికి జరిగిన ఆర్థిక నష్టం 1,77,341 కోట్ల రూపాయలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం లెక్కగట్టింది. పొగాకు మీద 100 రూపాయల ఎక్సైజ్ పన్ను వస్తే సమాజం 816 రూపాయలు పోగొట్టుకుందని ఆ అధ్యయనమే తేల్చింది.

చట్టం గట్టిపడుతుందనగానే కంపెనీలు రైతునూ, బీడీ చేసే అక్కచెల్లెళ్లనూ ముందు నిలబెడతాయి. 2015లో పొగాకు ధర పడిపోయి ప్రకాశం జిల్లా రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు వాళ్లను ఎవరు ఆదుకున్నారు? 2025లో కంపెనీలు కొనక నల్లబర్లీ పొగాకు పేరుకుపోతే చివరికి ప్రభుత్వం తరఫున మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సి వచ్చింది. పొద్దంతా నడుం వంచి, పొగాకు దుమ్ము పీలుస్తూ బీడీలు చుట్టే తల్లికి మంచి కూలి, వేరే పని, పింఛను కావాలి. ములుగు, భూపాలపల్లి అడవుల్లో తునికాకు ఏరే కుటుంబాలకూ అంతే. వాళ్ల బతుకుదెరువు కోసం మనమూ వాళ్లతోపాటే కొట్లాడుదాం. వాళ్ల పేరు చెప్పి మన పిల్లలకు తంబాకు అలవాటు చేస్తామంటే ఒప్పుకోం.

మన డిమాండ్లు:

1. ప్రతి బడి, కాలేజీ ప్రహరీ నుంచి 100 గజాలు కొలిచి రోడ్డు మీద పసుపు గీత గీయాలి. 2019 కేంద్ర మార్గదర్శకాలు చెప్పింది ఇదే.
2. గీత లోపల పొగాకు అమ్మే డబ్బాలకు వేరే చోటు చూపించాలి, లేదా వేరే సరుకు అమ్ముకునేందుకు సాయం చేయాలి.
3. పొగాకు అమ్మకానికి గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ ప్రత్యేక లైసెన్సు పెట్టాలి. ఆ దుకాణాల్లో చాక్లెట్లు, చిప్స్, బిస్కెట్లు అమ్మకూడదు. ఇది 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు చేసిన సూచనే.
4. విడి సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించాలి.
5. ప్రభుత్వ కార్యక్రమాలకు, బడి ఉత్సవాలకు పొగాకు కంపెనీల సొమ్ము తీసుకోకూడదు.

మనం చేయాల్సింది:

తల్లిదండ్రులు పది మంది కలిసి టేపు పట్టుకొని మీ పిల్లల బడి ప్రహరీ నుంచి 100 గజాలు కొలవండి. లోపల పొగాకు అమ్మే చోట్లను రాసుకోండి. హెడ్‌మాస్టరుతో సంతకం పెట్టించండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి, రసీదు తీసుకోండి. వచ్చే సోమవారం మళ్లీ పోయి ఏం చేశారని అడగండి. కార్పొరేటర్‌నూ, ఎమ్మెల్యేనూ నిలదీయండి. డబ్బా అన్నతో మాత్రం మర్యాదగా మాట్లాడండి, ఆయన పిల్లలూ ఈ బడికే వస్తారు.

తంబాకు మానాలనుకునే వారు 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయండి. మానడం కష్టమే, సాయం దొరికితే సాధ్యమే.

కంపెనీలకు వకీళ్లున్నారు, కోట్ల రూపాయలున్నాయి. మనకు చట్టం ఉంది, ఓటుంది, అడిగే నోరుంది. అడుగుదాం!

పిల్లల ప్రాణాల కంటే పొగాకు లాభాలు ఎక్కువ కావు!
చట్టం అమలు చేయాలి, ఇప్పుడే చేయాలి!

చదివి పారేయకండి. పక్కింటివారికి ఇవ్వండి.

– పిల్లల భవిష్యత్తు కోరే వరంగల్ పౌరులు