జనంలో మన పనులు: వేళ, చోటు, పేరు



మనకి జనం కొత్తేమీ కాదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో దసరా బట్టలు కొన్నవాళ్ళం, హైదరాబాదు కోఠీలో పాత పుస్తకాల కోసం తిరిగినవాళ్ళం, తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్నవాళ్ళం. అయినా టొరాంటోలో ఓ శనివారం మధ్యాహ్నం నాలుగు పనులు పెట్టుకుని, ఇద్దరు పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మతో బయల్దేరితే సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోతుంది.

దీనికి కారణం జనం ఎక్కువ కావడమొక్కటే కాదు. మన ఊళ్ళో చెయ్యి వదిలిన పిల్లవాణ్ణి పదిమంది చుట్టూ చేరి "ఎవరబ్బాయివిరా?" అని మన మాటలోనే అడుగుతారు. ఇక్కడ అడిగేవాళ్ళ భాష అమ్మమ్మకి రాదు. "కొత్తవాళ్ళతో మాట్లాడకు" అని మనం చెప్పిన మాట తలుచుకుని పిల్లవాడు నోరు విప్పడు. అందుకే ఇక్కడ జనంలోకి వెళ్ళేముందు మూడు సంగతులు ఇంట్లోనే తేల్చుకోవాలి. అవి వేళ, చోటు, పేరు.

మొదటిది వేళ. కంప్యూటర్ చదువుల్లో క్యూల లెక్క ఒక ముఖ్యమైన పాఠం. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు 1909లో ఫోన్ కాల్స్ మీద రాసిన వ్యాసంతో ఈ శాస్త్రం మొదలైంది. అది మన కిరాణా కౌంటరుకి కూడా పనికొస్తుంది. ఒకే కౌంటరు, ఒక్కొక్కరికీ సగటున 3 నిమిషాలు, అంటే గంటకి 20 మంది పని తెమిలే చోటు అనుకోండి. జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ ఉంటారు. గంటకి 10 మంది వస్తుంటే మీ వంతు రావడానికి సగటున 3 నిమిషాలు పడుతుంది. మరి 18 మంది వస్తుంటే? 27 నిమిషాలు! జనం రెట్టింపైనా కాలేదు, ఎదురుచూపు మాత్రం తొమ్మిది రెట్లయింది.

కాబట్టి జనం కాస్త తగ్గిన వేళ చూసుకుని వెళితే చాలు, ఎదురుచూపు చాలా తగ్గుతుంది. దుకాణం తలుపులు తీసే వేళకే వెళ్ళండి. దీపావళి సామాను పండగ ముందు శనివారం దాకా ఆపకుండా ఓ మంగళవారం రాత్రి తెచ్చుకోండి. డిసెంబర్ 26 బాక్సింగ్ డే బేరాలు తప్పవనుకుంటే, ఒకరు వెళ్ళండి, ఒకరు పిల్లలతో ఇంట్లో ఉండండి.

రెండోది చోటు. యూనియన్ స్టేషన్‌నే తీసుకోండి. గో రైళ్ళు, సబ్‌వే, విమానాశ్రయం రైలు అన్నీ అక్కడే. దాన్ని ఆనుకుని నేల కింద 30 కిలోమీటర్లకి పైగా సాగే పాత్ నడవా. "ఫోన్ ఉందిగా" అనుకోకండి. చిన్న పిల్లల దగ్గర ఫోన్ ఉండదు, అమ్మమ్మ ఫోన్‌లో డేటా ఉండకపోవచ్చు, నేల కింద సిగ్నల్‌ని నమ్మలేం. లోపలికి అడుగు పెట్టగానే "విడిపోతే అందరం ఇక్కడికే" అని ఒక చోటు చూపించండి. గ్రేట్ హాల్ లాంటి, ఎవరిని అడిగినా చెప్పగలిగే చోటయితే మంచిది.

సబ్‌వేకి మరో సూత్రం. బ్లూర్-యంగ్‌లాంటి రద్దీ స్టేషన్‌లో పిల్లవాడు రైలెక్కాడు, మీరెక్కేలోగా తలుపులు మూసుకున్నాయి. అప్పుడు వాడు తర్వాతి స్టేషన్‌లో దిగి, ప్లాట్‌ఫారం మీదే నిలబడాలి. మీరు వెనక రైల్లో వస్తారు. మీరెక్కి వాడు కిందే ఉండిపోతే, వాడు అక్కణ్ణించి కదలకూడదు. ఇదే అమ్మమ్మకీ నేర్పండి.

2019 జూన్ 17న రాప్టర్స్ జట్టు విజయోత్సవానికి టొరాంటో నడిబొడ్డుకి పది లక్షలకి పైగా జనం వచ్చారు. నేథన్ ఫిలిప్స్ స్క్వేర్ దగ్గర కాల్పుల్లో నలుగురు గాయపడ్డారు, జనం ఒక్కసారిగా పరుగులు తీశారు. అలాంటప్పుడు చెయ్యి వదలడానికి క్షణం చాలు. చిన్నవాళ్ళని ఎత్తుకోండి. జనానికి ఎదురు వెళ్ళకుండా, వాళ్ళతోపాటే నడుస్తూ ఏటవాలుగా అంచుకి చేరండి. కింద పడ్డ వస్తువు కోసం వంగకండి.

మూడోది పేరు. మన పిల్లలకి స్కూల్లో ఓ పేరు, ఇంట్లో ఓ పేరు. మాల్‌లో "చిన్నీ!" అని కేకేస్తే నలుగురు చిన్నీలు వెనక్కి తిరుగుతారు గానీ, మైకులో పిలవాలంటే అసలు పేరు కావాలి. "మీ అమ్మ పేరేమిటి?" అని అడిగితే "అమ్మ" అనే పిల్లలు మనలో తక్కువేం కాదు. తల్లిదండ్రుల పూర్తి పేర్లు, ఒక ఫోన్ నంబరు పాటలా కంఠతా పట్టించండి. పెద్దవాళ్ళ జేబులో చిరునామా చీటీ పెట్టండి.

పిల్లలు కనబడకపోతే ఒక్కరే వెతుక్కుంటూ తిరగకండి. వెంటనే దుకాణం సిబ్బందికి చెప్పండి. 1994లో వాల్‌మార్ట్ దుకాణాల్లో మొదలైన "కోడ్ ఆడమ్" పద్ధతిలో సిబ్బంది గుర్తులు మైకులో చెప్పి, తలుపుల దగ్గర కాపలా ఉండి, దుకాణమంతా గాలిస్తారు. టొరాంటోలో 911కి ఫోన్ చేసి "తెలుగు" అని భాష పేరు చెబితే అనువాదకుల్ని లైన్లోకి తెచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళకి తప్పకుండా చెప్పండి.

పిల్లలూ, ఇక మీ వంతు. తప్పిపోతే ఉన్నచోటే నిలబడండి. పేరు బిల్ల పెట్టుకున్న దుకాణం ఉద్యోగితోనో, పిల్లలతో ఉన్న అమ్మతోనో మాట్లాడండి. అలాంటప్పుడు కొత్తవాళ్ళతో మాట్లాడినందుకు ఎవరూ కోప్పడరు. ఈ రాత్రి భోజనాల దగ్గర అమ్మానాన్నల పూర్తి పేర్లు, ఫోన్ నంబరు చూడకుండా చెప్పండి. తర్వాత అదే పరీక్ష అమ్మమ్మకి పెట్టండి. ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో మాకు రాయండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.