ధైర్యమునకు నెత్తురులో గుఱుతులు

ధైర్యము మనసున నుండునని వినుచుందుము. నెత్తురునను దాని జాడలు గలవఁట. అమెరికా సైన్యమున విమానచోదకులకును, ప్రత్యేకదళముల వారికిని, శత్రువులకుఁ జిక్కినచో నిలదొక్కుకొను విద్య నేర్పుదురు. ఉత్తుత్తిగాఁ జెఱబట్టి, నిద్రాహారములు తగ్గించి, గద్దించి ప్రశ్నింతురు. ఆ శిక్షణలోని సైనికుల నెత్తురును చార్లెస్ మోర్గన్ అను వైద్యుఁడును సహచరులును పరీక్షించి, ఫలితమును 2000లోఁ బ్రకటించిరి.

కార్టిసోలను కలఁతరసము వీరులకుఁ బెరుగకపోలేదు! అయినఁ బ్రత్యేకదళము వారికి న్యూరోపెప్టైడ్ వై యను పదార్థ మితరులకంటె హెచ్చుగ నుండెను. శిక్షణ ముగిసిన మఱునాటి కది వారికి యథాస్థితికి రాఁగా, నితరులకు మునుపటికంటెను దఱిగిపోయెను. ఇది పుట్టువరమో, సాధనఫలమో యా పరీక్ష తేల్చలేదు. కావున బొట్టు నెత్తురు చూచి, వీఁడు విమానము నడుపలేఁడని పడుచువానిని ద్రోసిపుచ్చుట మాకు సమ్మతము గాదు.