సంకల్పానికి వేళ, చోటు కావాలి

పూజకు కూర్చున్నవారు ముందుగా సంకల్పం చెప్పుకుంటారు. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ సంవత్సరమో, ఏ తిథో, ఏ ఫలం కోరి చేస్తున్నామో చెప్పిన తరువాతనే పూజ మొదలవుతుంది. (చిలకలూరిపేట వారము శ్రీశైలానికి తూర్పున ఉన్నాము.) ఉదయం లేవగానే ఆరోగ్యం కోసం మనం చేసుకునే సంకల్పాలలో మాత్రం ఇటువంటి వివరమేదీ కనిపించదు. ‘నేటి నుంచి నడవాలి’ అనుకుంటాము. ఎన్ని గంటలకు, ఏ వీధిన అన్నది తేల్చుకోము. సాయంత్రానికి ఆ మాటే మరుగున పడుతుంది.

బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులపై జరిగిన ఒక పరిశోధన 2002లో వెలువడింది. వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టి వ్యాయామం చేశారా అన్నదే అందులోని ప్రశ్న. వ్యాయామంతో సంబంధం లేని పాఠం చదివినవారిలో 38 శాతం మంది చేశారు. గుండెజబ్బు గురించీ, వ్యాయామం చేసే మేలు గురించీ చదివినవారిలో 35 శాతమే. అదే పాఠం చదివి, ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాసుకున్నవారిలో 91 శాతం! మా వైద్యులు చేసే హితబోధల విలువ ఎంతో ఈ అంకెలను బట్టి గ్రహించవచ్చు.

కనుక రక్తపోటు మాత్రను ‘పొద్దున వేసుకుంటాను’ అనుకుంటే చాలదు. ‘పళ్లు తోముకోగానే, మంచినీళ్ల బిందె దగ్గర’ అనుకోవాలి. థైరాయిడ్ మాత్రకైతే కాఫీకి కనీసం అరగంట ముందు అన్న నియమం కూడా ఉండాలి.

గణపవరం స్పిన్నింగు మిల్లులలో రాత్రంతా పనిచేసి తెల్లవారాక నిద్రించే కార్మికునికి బ్రాహ్మీముహూర్తపు మహిమ బోధించడం నా దృష్టిలో అన్యాయం. అతడు మధ్యాహ్నం రెండు గంటలకు లేస్తే అదే అతని ఉదయం. మాత్రల వేళలు, ముఖ్యంగా మధుమేహం ఉంటే, వైద్యునితో మాట్లాడి ఆ ఉదయానికి తగినట్లు మార్చుకోవాలి.

ఇదంతా లేవాలన్న కోరిక ఉన్నవారి మాట. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతి ఉదయం, లేవడానికి కారణమే కనిపించనివారు కొందరుంటారు. ఇష్టమైన పని మీద కూడా వారికి మనసు పోదు, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మరి నిద్ర పట్టదు. వారిని సోమరులని నిందించడం తగదు. అది కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉన్నది. అటువంటివారిని వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా అందుతుంది.